గుర్తులు చెప్పండి

పళ్ల సెట్టుకు దారం ఎక్కడ కట్టాలో ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో గుర్తులయ్యకు ఇంకా తేలలేదు. గొడుగుకైతే పిడికి కడతాడు, టిఫిను డబ్బాకైతే పట్టుకునే కమ్మీకి, ఒంటి చెప్పుకైతే పట్టీకి. రెండు చుట్లు, ఒక ముడి, అంతే. పళ్లకు పట్టు దొరకదు. చివరికి వాటిని ఒక పాత చేతిరుమాల్లో మూటకట్టి, ఆ మూటకు చీటీ తగిలించి, చెవి మీది పెన్సిలు తీసి రాశాడు: ‘పై వరుస పళ్లు. పదకొండో నంబరు బస్సు, వెనక సీటు కింద.’ మామూలు రోజైతే, నోరు బస్సులో మర్చిపోయి దిగిపోయిన ఆ పెద్దమనిషి ఇంటికెళ్లి ఏం నమిలి ఉంటాడోనని తనలో తాను నవ్వుకునేవాడు. ఆ నవ్వు సాయంత్రం దాకా దాచుకుని ఇంటికి పట్టుకెళ్లి భార్యకు పంచేవాడు. ఇవాళ మూటను అరలో పెట్టి తర్వాతి వస్తువు అందుకున్నాడు.

బస్సు డిపోలో టైర్ల గదికీ డ్రైవర్ల విశ్రాంతి గదికీ మధ్య ఇరుక్కున్న గది అది. తలుపు మీద ‘పోయిన వస్తువులు’ అని బోర్డు ఉంటుంది. నిజానికి లోపల ఉండేవన్నీ దొరికిన వస్తువులే. ఆ సంగతి బోర్డు రాసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేరు. మూడు గోడల నిండా అరలు, నాలుగో గోడకు కిటికీ లాంటి కౌంటరు. కౌంటరు చెక్క మీద గుర్తులయ్య మోచేతులు ఆనే చోట రెండు పల్లాలు పడ్డాయి. మనిషి పొట్టి. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. కుడి చూపుడువేలికి దారం లాగి లాగి కాయ కాసింది. హాజరు పట్టీలో ఆయనకొక పేరుంది గానీ, దాన్ని ఎవరూ వాడగా ఆయన వినలేదు.

గుర్తులయ్య అన్న పేరు పెట్టింది డ్రైవర్లు. ఆ గదికి ఒకటే నియమం: వస్తువును ముందు చూపించకూడదు. ఎవరొచ్చి “నల్ల గొడుగండీ” అన్నా, “నల్లవి పధ్నాలుగున్నాయి, గుర్తులు చెప్పండి” అనాలి. పిడి వంకరా, ఎక్కడైనా చిరుగుందా, గుడ్డ ఎక్కడ వెలిసింది, అన్నీ వాళ్లే చెప్పాలి. ప్రతి చీటీనీ ముందే రెండుగా చింపి, పై ముక్క వస్తువుకు కట్టి, కింది ముక్క డబ్బాలో దాస్తాడు. చెప్పినవి చీటీతో సరిపోతే వస్తువు తెచ్చి, రెండు ముక్కల అంచులూ ఆనించి చూసి, బ్లేడుతో దారం తెంపి, “ఇదిగో” అంటాడు.

ఇంట్లో కూడా ఆయనది అదే మాట. ముప్పై నాలుగేళ్లలో భార్యను పేరు పెట్టి పిలిచి ఎరగడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ “ఇదిగో” అంటే, లోపల ఎక్కడున్నా ఆమె “ఆ” అనేది. కొడుకు చిన్నప్పుడు వాళ్లమ్మ పేరు అదేననుకుని బళ్లో కూడా అలాగే చెప్పి వచ్చాడు.

పేగులో మొదలైన కేన్సరు ఆమెకు కాలేయానికీ ఎముకలకూ పాకింది. మూడు విడతల మందు అయింది. చొక్కాల కార్ఖానాకు ఇంట్లోనే కూర్చుని గుండీలు కుట్టిచ్చిన మనిషి, ఇప్పుడు సూది మాట అటుంచి చెంచా కూడా పట్టుకోలేదు. ఈ రెండు నెలల్లో గుర్తులయ్య ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడుపు రావడం లేదని భయపడ్డాడు కొన్నాళ్లు. తర్వాత ఆ భయం కూడా పోయింది. వేళకు లేస్తున్నాడు, ఆమె నాలుక కింద నొప్పి మందు చుక్కలు వేస్తున్నాడు, డిపోకు వస్తున్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

తేలాల్సిందల్లా ఒకే ఒక్క మాట. నిన్న పొద్దున కూతురూ కొడుకూ తనూ కలిసి ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ మంచి మనిషి. కుర్చీ ఆమె పక్కకు లాక్కుని కూర్చుని, తొందరపడకుండా చెప్పింది. ఆసుపత్రిలో చేరిస్తే గొట్టం వేసి, అవసరమైతే ఊపిరికి మిషను పెట్టి, ఇంకో విడత మందు ప్రయత్నించవచ్చు. దానివల్ల కొన్ని రోజులు పెరగవచ్చు, పెరగకపోవచ్చు. లేదంటే ఇంట్లోనే నొప్పి తెలియకుండా చూసుకోవచ్చు, నర్సు వచ్చి పోతూ ఉంటుంది. “మీరేమంటారమ్మా?” అని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే కొడుకు ముందుకు వంగి, “చేరదామమ్మా. చేరదాం, సరేనా?” అన్నాడు.

ఆమె, “పోనీ” అంది.

ఇంటికొచ్చాక అక్కాతమ్ముళ్లకు పడింది. పోనీ అంటే సరేనని, అమ్మ ఒప్పుకుందని తమ్ముడు. పోనీ అంటే పోనివ్వమని, అమ్మ చాలంటోందని అక్క. ఇద్దరిదీ తప్పని చెప్పడానికి లేదు. ఆ మాట వాళ్లమ్మ నోట్లో పొద్దున లేచింది మొదలు నానుతూనే ఉంటుంది. కూర మాడితే “పోనీలెండి” అంటుంది. ఆయన బజారుకు వెళ్లనని బద్ధకిస్తే “పోనీ, నేనే వెళ్తా” అంటుంది. ఎవరైనా దెప్పిపొడిస్తే “పోనీ” అని ఊరుకుంటుంది. రాసి చూస్తే అన్నీ ఒకటే. తేడా అంతా గొంతులో ఉంటుంది.

చివరికి పిల్లలిద్దరూ తండ్రి వైపు తిరిగారు. “మీరు చెప్పండి నాన్నా. మీకు తెలుస్తుంది కదా.”

ఆయన నీళ్లు నమిలాడు. ఎందుకంటే ఆయన విననే లేదు. సరిగ్గా ఆ క్షణాన డాక్టరమ్మ గదిలో మూలనున్న కుర్చీ కింద ఎవరో మర్చిపోయిన నీళ్ల సీసా కనిపించింది. మూత నీలం, పక్కన సొట్ట, ఎవరిదో పాపం అనుకుంటూ దానికి మనసులో చీటీ రాస్తున్నాడు. చీటీ పూర్తయ్యేసరికి మాట అయిపోయింది. ఈ సంగతి పిల్లలకు చెప్పడానికి నోరు రాలేదు. ఆయన మౌనాన్ని కొడుకు ఒప్పుకోలు కింద జమ కట్టుకుని, ఇవాళ సాయంత్రం ఐదింటికి అంబులెన్సు మాట్లాడేశాడు.

పదిన్నరకు కౌంటరు దగ్గరికి ఒక ముసలావిడ వచ్చింది. చేతిసంచి గుండెలకు హత్తుకుని, “గొడుగు బాబూ. నిన్న పోయింది. నల్లది” అంది. గుర్తులయ్య లేచాడు. అరలోంచి చేతికందిన నల్ల గొడుగు తీసి చెక్క మీద పెట్టి, “ఇదేనా?” అన్నాడు.

ఆవిడ ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. “అదే బాబూ” అని దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. పై అరలో ఒక స్కాను కవరు డెబ్బై రోజులుగా ఉంది. లోపల పేరూ ఊరూ అన్నీ ఉన్నాయి, రెండుసార్లు కబురు కూడా పంపారు. ఎవరూ రాలేదు. కొన్ని వస్తువులు పోవు, మనుషులే వదిలేసి దిగిపోతారు. ఇవాళ ఆ కవరు వంక చాలాసేపు చూశాడు గానీ ఏమీ అనిపించలేదు.

అరగంటకు ముసలావిడ తిరిగొచ్చింది. ఆయాసపడుతోంది.

“ఇది నాది కాదు బాబూ. నా గొడుక్కి ఒక ఊచ విరిగితే తీగతో కట్టించాను. బస్సెక్కాక విప్పి చూస్తే తీగ లేదు.”

“మరి అప్పుడు ఇదే అన్నారుగా అమ్మా?”

“నువ్వు చూపించి ఇదేనా అన్నావు. చూపించేసరికి అదే కాబోలనిపించింది. నువ్వు తెచ్చి చేతికిచ్చాక కాదనడం ఏం బాగుంటుంది?”

గుర్తులయ్య ఇరవై తొమ్మిదేళ్లలో ఎప్పుడూ వస్తువు ముందు చూపించినవాడు కాదు. తీగ కట్టిన గొడుగు వెతికి, రెండు చీటీ ముక్కలూ ఆనించి చూసి, దారం తెంపి, “ఇదిగో” అన్నాడు. ఆవిడ వెళ్లాక తప్పు గొడుగును అరలో పెట్టబోయి, దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నిన్న డాక్టరమ్మ గదిలో జరిగిందీ ఇదే. అందరూ కలిసి ఆమె ముందు ఒక గొడుగు పెట్టి, ఇదేనా అన్నారు.

పన్నెండింటికి కౌంటరు తలుపు వేసి ఇంటికి బయలుదేరాడు. రెండు వీధులే దూరం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ “ఇదిగో” అంటే, లోపల్నుంచి “ఆ” అని సన్నగా వినిపించింది. గాలి తగలకూడదని కొడుకు ఆమె ఇనప మంచాన్ని గోడవైపుకు జరిపించాడు. ఆమె గోడకేసి తిరిగి పడుకుని ఉంది. కళ్లు పచ్చబడ్డాయి. మణికట్టు గుర్తులయ్య బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇమిడిపోయేంత అయింది. సెలవు పెట్టి వచ్చిన కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయనకు ఒకరిని అడగడం వచ్చిన పద్ధతి ఒకటే. జేబులోంచి ఒక ఖాళీ చీటీ తీసి, చెవి మీది పెన్సిలు అందుకున్నాడు.

“ఇదిగో.”

“ఆ.”

“నీకేం కావాలో చెప్పు. నేనేమీ చెప్పను. ఇదా, అదా అని కూడా అడగను. గుర్తులు చెప్పు.”

ఆమె తల ఇటు తిప్పింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం నవ్వబోయింది. “నేనేం పోగొట్టుకున్నానని?”

“నిన్న పోనీ అన్నావట. ఏ పోనీ? నేను వినలేదు. ఎవరిదో నీళ్లసీసా చూస్తున్నా.”

“చూశా. మీరు దానికి చీటీ రాస్తున్నారని తెలుసు.” ఊపిరి కూడదీసుకుంది. “వాడి మొహం చూశారా? వద్దంటే అక్కడే ఏడ్చేలా ఉన్నాడు. పోనీ, వాడి మాట ఎందుకు తీసెయ్యాలని అలా అన్నా. వాడి కోసం అన్నది అది. నా కోసమైతే ఎవరూ అడగలేదుగా.”

“ఇప్పుడు అడుగుతున్నా.”

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు. గడియారం వంక చూడకుండా కూర్చున్నాడు. కౌంటరు దగ్గర కూడా కొందరికి గుర్తులు ఒక పట్టాన రావు, తొందరపెడితే ఉన్నవి కూడా పోతాయి.

“మంచం కిటికీ పక్కకి” అంది చివరికి. “ఎదురింటి మెట్ల మీంచి ఒకతను సైకిలు మోసుకుంటూ దిగుతాడు చూడండి, దాన్ని తిట్టుకుంటూ. గోడవైపు తిప్పాక ఆ తిట్లు వినపడ్డం లేదు నాకు.”

ఆయన రాశాడు. మంచం. కిటికీ. సైకిలు తిట్లు.

“బండి వద్దు. గొట్టాలు వద్దు. ఆ చుక్కలు మాత్రం మానకండి, నొప్పి ఓర్చుకోలేను.” మళ్లీ ఆగింది. “నా పక్కన గుసగుసలొద్దు. మామూలుగా మాట్లాడుకోండి. పోట్లాడుకున్నా ఫరవాలేదు.”

అన్నీ రాసి చీటీ ఆమె ముందు పెట్టాడు. ఆమె పెన్సిలు పట్టుకుంది గానీ అది వేళ్లలో నిలవలేదు. ఆయన ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగాడు, అలా పట్టుకుంటే అది ఆయన సంతకం అవుతుంది. చీటీ కింద అట్ట పెట్టి కదలకుండా పట్టుకున్నాడు. ఆమె తన పేరులో మొదటి అక్షరం ఒక్కటీ వంకరగా రాసింది.

“కట్టరేం మరి?” అంది.

ఆయన చీటీని రెండుగా చింపి, పై ముక్కను మంచం కమ్మీకి కట్టాడు. రెండు చుట్లు, ఒక ముడి. కింది ముక్క జేబులో పెట్టుకున్నాడు. తన మాటే నిజమైందన్న సంతోషం కూతురి ముఖంలో ఎక్కడా లేదు. వంటింట్లోకి వెళ్లి, కడిగి బోర్లించిన గిన్నెనే మళ్లీ కడిగింది. తర్వాత తండ్రీ కూతుళ్లు చెరో వైపు పట్టి మంచాన్ని కిటికీ పక్కకు జరిపారు. మంచం తేలిగ్గా జరిగింది. అంత తేలిగ్గా జరగడం గుర్తులయ్యకు నచ్చలేదు.

“మధ్యాహ్నం మానెయ్యనా?” అన్నాడు.

“డిపోలో ఏంటి సంగతులు?”

పళ్ల సెట్టు గురించి చెప్పాడు. ఈసారి ఆమె నిజంగానే నవ్వింది, చప్పుడు రాలేదు గానీ పొట్ట కదిలింది. “పోనీ, వెళ్లి రండి. ఆ పళ్లాయన వస్తాడేమో, పాపం” అంది.

ఆ పోనీ ఏదో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

డిపోకు వచ్చాక గోడ ఫోను నుంచి కొడుక్కి చేశాడు. వాడు లిఫ్టులు బాగుచేసే పనిలో ఉంటాడు, వెనక సుత్తి చప్పుడు వినిపిస్తోంది. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది.

“నా ముందు ఒప్పుకుంది నాన్నా. మీరు అడగ్గానే మాట మార్చేసిందా?”

“మనం ముందు చూపించేశాం రా. అలా అడగకూడదు.”

“అమ్మేమైనా గొడుగా నాన్నా?”

ఆయన ఫోను తీగను వేలికి చుట్టుకున్నాడు. కొడుకే మళ్లీ అన్నాడు, “చెయ్యగలిగింది ఉండి కూడా చెయ్యకపోతే రేపు నేనెలా పడుకోను? చెప్పండి.”

“నాకు తెలీదు” అన్నాడు గుర్తులయ్య. “బండి మాత్రం వద్దు.”

ఆయన జన్మలో ఎవరికీ అంత గట్టిగా వద్దని చెప్పలేదు. చెప్పాక గోడకు ఆనుకున్నాడు.

కొడుకు, “నేను వెళ్లి నేనే అడుగుతా” అన్నాడు.

“అడుగు. కానీ ముందు ఏదీ చూపించకు.”

నాలుగు దాకా ఎవరూ రాలేదు. ఆయన అరలు దులిపాడు. తప్పు గొడుక్కి కొత్త దారం కట్టాడు. ఈపాటికి వాడు ఇల్లు చేరి ఉంటాడు, అడిగి ఉంటాడు, లేదా అడక్కుండా గుడ్డలు సర్దుతూ ఉంటాడు. ఆమె వాడి ముఖం చూసి మళ్లీ పోనీ అంటుందేమోనని భయం వేసింది. రెండు నెలల్లో ఆయనకు స్పష్టంగా తెలిసిన భయం అదొక్కటే.

నాలుగు దాటాక ఒక పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నోటికి చెయ్యి అడ్డం.

“గుర్తులు చెప్పండి” అన్నాడు గుర్తులయ్య.

“అవి లేకుంధా గుర్థులెలా ఛెప్పమంతావయ్యా?” అన్నాడాయన చేతి చాటునుంచి.

ఎట్టకేలకు పదకొండో నంబరు బస్సనీ, వెనక సీటనీ, ఎడమ చివరి పన్ను కాస్త చెక్కిందనీ తేలింది. గుర్తులయ్య మూట తెచ్చి, ముక్కలు ఆనించి, దారం తెంపి, “ఇదిగో” అన్నాడు. పెద్దాయన అటు తిరిగి, పళ్లు తుడుచుకుని పెట్టుకుని, ఇటు తిరిగేసరికి పదేళ్లు చిన్నవాడైపోయాడు. “ఇంట్లో చెప్పుకుంటే పరువు పోతుందయ్యా” అని తేటగా నవ్వాడు. గుర్తులయ్య కూడా నవ్వాడు. ఇది ఇంటికి పట్టుకెళ్లాలి అనుకున్నాడు.

అప్పుడు గోడ ఫోను మోగింది.

“నాన్నా.”

“ఆ. బండి వచ్చిందా?”

“వద్దని చెప్పేశా. రండి నాన్నా.”

“ఆ” అన్నాడు. ఫోను పెట్టేసి, పళ్ల చీటీ ముక్కలు రెండూ కలిపి తీగకు గుచ్చాడు. పట్టీలో తేదీ వేశాడు. కౌంటరు తలుపు మూసి, తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి మేనేజరు గదిలో మేకుకు తగిలించాడు. రెండు వీధులూ ఎప్పటి నడకతోనే నడిచాడు.

గుమ్మంలో చెప్పులు విడుస్తూ, “ఇదిగో” అన్నాడు.

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. ఒక కాలి చెప్పు ఇంకా వేళ్లకు ఉంది. లోపల్నుంచి “ఆ” రావాలి. ముప్పై నాలుగేళ్లుగా వస్తోంది. దానికోసం అలాగే ఒంటికాలి మీద నిలబడ్డాడు. కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది.

ఆమె కిటికీ వైపు తిరిగి ఉంది. కళ్లు ఎవరో మూశారు. కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు, పని బట్టల్లోనే, చేతికి గ్రీజు.

“మీరన్నట్టే అడిగాను” అన్నాడు. “ఏదీ చూపించకుండానే. గుర్తులు చెప్పమ్మా అన్నాను. నా మొహం చూసి, ‘పోనీ, ముందు నువ్వేమైనా తిను’ అంది. వంటింట్లోకి వెళ్లి తింటున్నా. అక్క పిలిచింది.” తలెత్తి తండ్రిని చూశాడు. “ఏ పోనీ నాన్నా అది?”

గుర్తులయ్యకు అదీ తెలియలేదు. ఈసారి కూడా ఆయన వినలేదు.

“తిన్నావా?” అన్నాడు.

“సగం.”

ఆయన జేబులోంచి చీటీ కింది ముక్క తీసి కొడుకు చేతిలో పెట్టాడు. వాడు దాన్ని మంచం కమ్మీకున్న ముక్కకు ఆనించి చూశాడు. చిరిగిన అంచులు సరిగ్గా కలిశాయి. అప్పుడు వాడు చీటీని వదిలేసి తండ్రి మోకాళ్లను పట్టుకుని ఏడ్చాడు. ఆయన వాడి తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తనకు కూడా ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఎదురింటి మెట్ల మీద సైకిలు ఎక్కడో తగిలి ఖణేల్మంది, దాని యజమాని దాన్ని దాని తల్లితో సహా తిట్టాడు. ఆమె విందా అని ఆయన చటుక్కున మంచం వైపు తిరిగాడు.

చీకటి పడేలోపు రావలసినవాళ్లు వచ్చి ఆమెను తీసుకెళ్లారు. తండ్రీ కొడుకులు వెంట వెళ్లి వచ్చారు. కూతురు దుప్పటి తీసి మడిచింది, పరుపు చుట్టింది. బ్లేడు ఆయన జేబులోనే ఉంది. తీశాడు, మళ్లీ పెట్టేశాడు. కిటికీ పక్కన ఒట్టి ఇనప మంచం, దాని కమ్మీకి రెండు చుట్లూ ఒక ముడితో సగం చీటీ, దాని మీద పెన్సిలుతో రాసిన సైకిలు తిట్లు.